డైరెక్టర్ పేరు ఎవరికీ గుర్తుండదా? గరికపాటి రాజారావు గారి సంగతి తెలిసినోళ్ళు చెప్పండి

కొబ్బరితోట (పాలకొల్లు):
అందరికీ నమస్కారమండి. ఈసారి శివరాత్రి తీర్థానికి మా ఊళ్ళో నాటికల పోటీలు పెడుతున్నాం, మూడు రాత్రులు. దాంతోపాటు స్టేజీ పక్కన పందిట్లో గోదావరి జిల్లాల నాటకం మనుషుల ఫోటోలు ఓ ఇరవై ముప్ఫై కట్టిద్దామని కమిటీలో అనుకున్నాం. మొన్న రాత్రి కూర్చుని లిస్టు రాస్తే నటులు గబగబా వచ్చేశారు, పద్యం పాడేవాళ్ళు వచ్చేశారు, రాసినోళ్ళు వచ్చారు, డైరెక్టర్లు అనేసరికి పెన్ను ఆగిపోయిందండి. కమిటీలో ఒకాయన దాసరి నారాయణరావు గారిని రాసెయ్ మనూరే కదా అన్నారు, ఆయన నాటకాల్లోంచే వచ్చారనుకోండి కానీ జనం గుర్తుపెట్టుకున్నది సినిమాకి కదా అంటే ‘డైరెక్టరే కదా ఏదైతే ఏంటి’ అన్నారు. నాకు మాత్రం గరికపాటి రాజారావు అనే పేరు మా నాన్న నోటివెంట విన్న గుర్తు, ప్రజానాట్యమండలి అనేవాడు, కమ్యూనిస్టుల నాటక సంఘం లెండి, అల్లు రామలింగయ్య గారిని పైకి తెచ్చింది ఆయనే అనేవాడు. ఆ పేరు చెప్తే మా కుర్రాళ్ళు ‘ప్రవచనాలు చెప్పే గరికపాటి గారు నాటకాలు కూడా వేయించారా’ అన్నారు, నేను నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఆయన గురించి తెలిసినోళ్ళు నాలుగు ముక్కలు చెప్పండి, ఫోటో కింద రాయిస్తాను.

గౌతమిగట్టు (రాజమండ్రి):
మా ఊరాయనండి. 1915లో రాజమండ్రిలో పుట్టారు, 1963లో పోయారు, అంటే నిండా యాభై కూడా లేవు. వైద్యం చదువుకున్న మనిషి, అందుకే పేరుకి ముందు డాక్టర్ అని రాస్తారు. ఆంధ్ర ప్రజానాట్యమండలిని నిలబెట్టినవాళ్ళలో మొదటి పేరు ఆయనదే. బొంబాయిలో ఇప్టా, అంటే జనం కోసం నాటకాలాడే దేశవ్యాప్త సంఘం, మొదలైంది 1943లో, ఆ వరసలోనే మన దగ్గర ప్రజానాట్యమండలి. ‘ముందడుగు’, ‘మా భూమి’ నాటకాలు సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి రాస్తే వాటిని స్టేజీ మీద నిలబెట్టింది ఈయన. తర్వాత 1953లో ‘పుట్టిల్లు’ అని సినిమా తీశారు. జమునకి అదే మొదటి సినిమా, మీ అల్లు రామలింగయ్య గారికీ అదే మొదటిది.

ఇంత చేసిన మనిషి గురించి రాజమండ్రిలో ఆటో ఎక్కి అడగండి, ఎవడికైనా తెలిస్తే నా చెవి కోసిస్తా. ఆనం కళాకేంద్రంలో నాటకం చూసి బయటికొస్తున్న వాళ్ళని అడిగినా అంతే. ఏప్రిల్ 16న వీరేశలింగం గారి పుట్టినరోజని తెలుగు నాటకరంగ దినోత్సవం చేస్తాం, దండలు వేస్తాం, మంచిదే, ఆయన 1880లోనే కుర్రాళ్ళ చేత నాటకాలాడించిన మనిషి. ఆ పక్కనే ఇంకో ఫోటో పెడితే గోడేం పడిపోదు కదా.

లంకకుర్రాడు:
‘మా భూమి’ సినిమా కదండి? తెలంగాణ సాయుధ పోరాటం మీద. యూట్యూబ్‌లో చూశాను నేను.

గౌతమిగట్టు (రాజమండ్రి):
తమ్ముడూ అది వేరు ఇది వేరు. సినిమా 1979లో వచ్చింది, గౌతమ్ ఘోష్ తీశారు, అది కిషన్ చందర్ ఉర్దూలో రాసిన నవల మీద ఆధారపడింది. నాటకం 1947 నాటిది. పేరొక్కటే, వస్తువు కూడా దగ్గర దగ్గరే గనక అందరూ కలిపేస్తారు. సినిమా పేరు నిలిచింది, నాటకం పేరు దాని కింద పడి నలిగిపోయింది.

ప్రాంప్టర్ (తణుకు దగ్గర):
నేను ఇరవై రెండేళ్ళు సైడ్ వింగ్‌లో నిలబడి ప్రాంప్టింగ్, అంటే నటులు మర్చిపోయిన మాటలు, అందించినోణ్ణి, స్టేజీ మీద ముఖం ఎప్పుడూ కనపడలేదు కాబట్టి ఈ సబ్జెక్టు మీద మాట్లాడే హక్కు నాకే ఎక్కువుందని నా నమ్మకం ఆయ్.

కొబ్బరితోట గారు అడిగింది ‘డైరెక్టర్లు ఎందుకు గుర్తుకు రాలేదు’ అని కదా, దానికి జవాబు మన పద్యనాటకంలోనే ఉంది. కాంట్రాక్టు నాటకం ఎలా జరుగుతుందో ఇక్కడ కుర్రాళ్ళకి తెలీదు గనక చెప్తా. తీర్థానికో సంబరానికో ఊరోళ్ళు కాంట్రాక్టరుకి బయానా ఇస్తారు, ఆయన ఒకటో కృష్ణుణ్ణి ఒక ఊర్నించి, రెండో కృష్ణుణ్ణి ఇంకో ఊర్నించి, అర్జునుణ్ణి మరో చోటనుంచి, కర్ణుణ్ణి ఇంకెక్కణ్ణించో పిలిపిస్తాడు. వాళ్ళందరూ రాత్రి తొమ్మిదింటికి మేకప్ గదిలో కలుస్తారు, కొందరు ఒకరి మొహం ఒకరు చూసుకోడం అదే మొదలు. ఒక్క రియర్సలూ ఉండదు. పదింటికి తెర లేస్తుంది, తెల్లారగట్ల దాకా ‘పాండవోద్యోగ విజయాలు’ ఆడేస్తారు. ఎలా ఆడతారూ అంటే తిరుపతి వెంకటకవుల పద్యాలు అందరికీ నోటికొచ్చు, ఎవడు ఎటునుంచి రావాలో అలవాటు, శ్రుతి ఎత్తేది తగ్గించేది హార్మోనిస్టు. వన్స్ మోర్ పడితే రాయబారం అక్కడే ఆగుతుంది, యుద్ధం కాసేపు వాయిదా. ఇందులో డైరెక్టరుకి చోటెక్కడండి? ఉంటే గింటే హార్మోనిస్టే డైరెక్టరు. వాల్‌పోస్టరు మీద కూడా నటుల ఫోటోలు, ‘హార్మోనియం’ అని ఒక పేరు, కింద కాంట్రాక్టరు పేరు.

అలాంటి చోట రాజారావు గారు వచ్చి ‘నాటకమంటే గుంపు చేసే పని, గుంపులో వెనక నిలబడ్డ రైతు కూడా నటించాలి’ అనే పద్ధతి పెట్టారు చూడండి, అది మామూలు పని కాదు. ‘మా భూమి’లో పద్యం లేదు, వన్స్ మోర్ లేదు. తెలంగాణ పల్లెల్లో రైతులు, కూలీలు, ఆడవాళ్ళు. జనం చూసి వన్స్ మోర్ కొట్టాల్సిన చోట ఏడ్చేవారని మా పెద్దలు చెప్పేవారు. ఆ నాటకాన్ని ఒక్క ట్రూపు కాదు, ఊరూరా దళాలు కట్టి ఆడాయి. ఒక్క నాటకాన్ని తను ఆడించడం వేరు, నలుగురికి నేర్పితే వాళ్ళెళ్ళి తలా ఒక చోట ఆడించడం వేరు. రెండోది డైరెక్షనంటారో మరేటంటారో నాకు తెలీదు, ఆయన గొప్పంతా అందులోనే ఉందని మాత్రం నా లెక్క.

1948లో మద్రాసు ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించింది. కమ్యూనిస్టుల మీద నిర్బంధం రోజులవి, దళాలు చెల్లాచెదురైపోయాయి, కొందరు జైలుకి కొందరు అజ్ఞాతంలోకి, మిగిలినోళ్ళలో చాలామంది తర్వాత మద్రాసు సినిమాల్లోకి. మిక్కిలినేని, తాతినేని ప్రకాశరావు, సంగీతానికి టి. చలపతిరావు, వీళ్ళందరూ అక్కడినుంచే. బుర్రకథ నాజర్ కూడా ప్రజానాట్యమండలిలోని మనిషే.

లంకకుర్రాడు:
బాబాయ్ గారు రెండో కృష్ణుడు అంటే?

ప్రాంప్టర్ (తణుకు దగ్గర):
ఒక రాత్రి నాటకంలో ఒకే వేషం ఇద్దరు ముగ్గురు వంతులేసుకుంటారు నాయనా. పడక సీను ఒకడు, రాయబారం సీను ఒకడు. ఎవడి స్పెషలు వాడిది. ‘హరిశ్చంద్ర’లో కాటిసీను హరిశ్చంద్రుడికి రేటు ఎక్కువ.

నరసాపురం లేసు:
ఇక్కడ అందరూ మగవాళ్ళే మాట్లాడుతున్నారు కాబట్టి నేను కూడా ఒక మాట. నేను పన్నెండేళ్ళు నాటికల్లో లేడీ ఆర్టిస్టుగా చేశాను, ఇప్పుడు మానేశాను. మా అనుభవంలో డైరెక్టరంటే రెండు రకాలండి. ఒక రకం రియర్సల్‌లో ‘అలా కాదమ్మా, ఫీల్, ఫీల్’ అని అరుస్తాడు, ఏం ఫీలవ్వాలో చెప్పడు, చెప్పమంటే తనే చేసి చూపిస్తాడు, మేం ఆయన్ని ఇమిటేట్ చేయాలి. స్టేజీ మీద నలుగురం నాలుగు చిన్న సైజు ఆయనల్లాగా ఉండేవాళ్ళం. రెండో రకం తక్కువ, నాకు తగిలింది ఒక్కరే, భీమవరం వైపాయన, పేరు రాయను ఆయనకిష్టం ఉండదు. ఆయన ముందు మమ్మల్ని కూర్చోబెట్టి మూడు రోజులు స్క్రిప్టు చదివించేవారు, నుంచోనిచ్చేవారు కాదు. ఏ మాట దగ్గర ఎదుటివాళ్ళ వైపు చూడాలో ఏ మాట దగ్గర చూడకూడదో మాచేతే కనిపెట్టించేవారు. హ్యాంగింగ్ మైకు కిందకొచ్చి డైలాగ్ కొడితే తిట్టేవారు, మైకు నీ దగ్గరికి రావాలి గానీ నువ్వు మైకు దగ్గరికెళ్ళడమేంటి అని. పోటీ అయ్యాక రాత్రి ఒంటిగంటకి మమ్మల్ని బస్టాండులో దింపేసి పోయే రకం కాదు, అందరినీ ఎక్కించాక తను ఎక్కేవారు. నా పాప చిన్నప్పుడు రియర్సల్‌కి తీసుకెళ్తే ఎత్తుకుని ఆడించింది కూడా ఆయనే, అలా చంకలో పిల్లతోనే డైరెక్షన్ ఇచ్చేవారు.

ఇంకో ట్రూపుంది, పేరొద్దు, పరిషత్తు నాటికల పోటీల్లో ప్రైజ్ మనీ వచ్చిందని మైకులో చెప్పారు, మాకు మాత్రం లెక్క తేల్లేదన్నారు, ఆర్నెల్లైనా తేల్లేదు. ఆ నాటికకి ఉత్తమ దర్శకత్వం వచ్చింది.

రాజారావు గారి గురించి నాకు పెద్దగా తెలీదు కానీ ప్రజానాట్యమండలిలో కొండపల్లి కోటేశ్వరమ్మ గారి లాంటి ఆడవాళ్ళు పాడారు ఆడారు, ఇళ్ళల్లోంచి వచ్చిన ఆడవాళ్ళు. అంతకుముందు ఆడవేషాలు మగవాళ్ళే కదా, స్థానం నరసింహారావు గారిని చూసి ఆడవాళ్ళు చీర కట్టడం నేర్చుకున్నారని చెప్పుకునే రోజులు. బళ్ళారి రాఘవ గారు ఆడవేషం ఆడవాళ్ళే కట్టాలని పట్టుపట్టారంటారు. ఒక ఇంట్లోంచి ఒక అమ్మాయిని రాత్రిపూట నాటకానికి పంపాలంటే ఆ తండ్రికి ఎవరిమీదో నమ్మకముండాలి కదా. ఆ నమ్మకం ఎవరిమీద పెట్టుకుని పంపారు? అది మీ లెక్కల్లో రాయరు.

కొబ్బరితోట (పాలకొల్లు):
అమ్మా మీరు రాసింది చదివి మా కమిటీ వాట్సాప్‌లో పెట్టాను. ఈసారి వచ్చే ట్రూపుల్లో ఆడవాళ్ళకి ఛార్జీలు విడిగా, చేతికే ఇద్దామని ఒకరన్నారు, చూడాలి.

హైదరాబాద్‌లో ఉన్నా (సొంతూరు అమలాపురం):
లేటుగా వచ్చాను సారీ. నేను థియేటర్ ఆర్ట్స్‌లో పీజీ చేశాను, ఇప్పుడు వేరే ఉద్యోగం, అది వేరే కథ. నాకు ఈ చర్చలో బి.వి. కారంత్ గుర్తొచ్చారు. కన్నడాయన, 1929లో పుట్టారు, దక్షిణ కన్నడ జిల్లా. చిన్నప్పుడే గుబ్బి వీరణ్ణ నాటక కంపెనీలో చేరిపోయారు, వేషాలేశారు, ఆ వీరణ్ణ గారే చదువుకోమని కాశీ పంపారు, అక్కడ హిందీ ఎమ్మే, హిందుస్తానీ సంగీతం, తర్వాత ఢిల్లీ నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా. చివరికి అదే స్కూలుకి 1977లో డైరెక్టరయ్యారు. అక్కణ్ణించి భోపాల్ భారత్ భవన్ రంగమండలం, తర్వాత 1989లో మైసూరు రంగాయణ. చూడండి, కంపెనీ నాటకంలో పెరిగి మోడర్న్ థియేటర్‌లో అన్నిచోట్లా తిరిగి మళ్ళీ తన రాష్ట్రానికొచ్చి ఒక రిపర్టరీ కట్టారు, జీతాలిచ్చి ఏడాదంతా నటుల్ని ఉంచుకునే ట్రూపు. 2002లో పోయారు. రంగాయణ ఇప్పటికీ ఉంది.

మనకి దగ్గరి సంగతేంటంటే ఆయన సురభి వాళ్ళతో పనిచేశారు. సురభి అంటే మీకు చెప్పక్కర్లేదు, 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలైన కుటుంబాలు, మన కోనసీమ ఊళ్ళల్లో పాకలేసి నెలలు నెలలు ఆడినవాళ్ళు. ‘మాయాబజార్’లో తీగల మీద గాల్లో ఎగరడం, స్టేజీ మీద వాన, నిప్పు, ఇవన్నీ. 1990ల్లో కారంత్ వాళ్ళ దగ్గరకొచ్చి ‘భీష్మ’, ‘చండీప్రియ’, ‘బస్తీ దేవత యాదమ్మ’ చేయించారు. ఆ మూడోది బ్రెహ్ట్ అనే జర్మన్ రచయిత నాటకానికి మన రూపం. తీగలూ ట్రిక్కులూ తెలిసిన నటుల్ని తీసుకెళ్ళి బస్తీలో నిలబెట్టారు. వాళ్ళ దగ్గరున్న పాటని, తెరల్ని, లయని మాత్రం పారేయలేదు, ఎందుకంటే ఆయనా కంపెనీ నాటకంలో పుట్టిన మనిషే. మాకు క్లాసులో ఇది చెప్తుంటే నా మనసంతా మా అమలాపురం పాకలోనే ఉంది, చాప మీద కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ ఘటోత్కచుణ్ణి చూసిన రోజులు.

నా పాయింటేంటంటే రాజారావు గారికి అలాంటి సంస్థ ఒకటి దొరికి ఉంటే? ప్రభుత్వం జీతాలిచ్చే రిపర్టరీ? సినిమాకెళ్ళకుండా ఉండేవారేమో.

గౌతమిగట్టు (రాజమండ్రి):
ఈ ‘ఉండి ఉంటే’ లెక్కలు నాకు నచ్చవండి. కారంత్ గారికి ప్రభుత్వం జీతమిచ్చింది, రాజారావు గారి నాటకాన్ని ప్రభుత్వం నిషేధించింది. ఒకే తక్కెడలో వేస్తే ఎలా? ఆ రోజుల్లో ఆయనకి సంస్థంటే కమ్యూనిస్టు పార్టీయే. పార్టీ మీద నిషేధం పడితే సంస్థ పడిపోయింది. ఇంకో రకంగా నడిపే వీలు 1948లో ఎవరికుంది?

ఇక సినిమాకెళ్ళడం తప్పన్నట్టు మాట్లాడకండి. నటుల్ని తయారుచేశాడు, వాళ్ళకి పొట్ట గడవాలి, తనకీ గడవాలి. ‘పుట్టిల్లు’ ఆడలేదు, నష్టపోయాడు. ఆడకపోయినా జమున, అల్లు రామలింగయ్య మిగిలారు. ఒక ఫ్లాపు సినిమా తెలుగుకి ఇచ్చిన దానికంటే ఎక్కువ ఇచ్చిన హిట్లు ఎన్నున్నాయో మీరే చెప్పండి.

హైదరాబాద్‌లో ఉన్నా (సొంతూరు అమలాపురం):
తప్పు అనలేదు సర్. నేనన్నది నాటకానికి నష్టమని. అల్లు గారు సినిమాకి మిగిలారు, నాటకానికి ఎవరు మిగిలారు? రాజారావు గారి పద్ధతి ఏంటో ఎక్కడా రాసిలేదు మాకు సిలబస్‌లో. కారంత్ గారి రియర్సల్ ఎలా ఉండేదో ఆయన దగ్గర చేసిన నటులు ఇప్పటికీ క్లాసులు తీసుకుని చెప్తారు.

ప్రాంప్టర్ (తణుకు దగ్గర):
ఇద్దరూ ఆగండి. ఇది 1948తో మొదలైన జబ్బు కాదు. ఇంకా వెనక్కెళ్తే రాజమండ్రిలో ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారని ఉండేవారు, అంతకుముందు ఒంగోల్లో మాస్టారు, నాటకాల పిచ్చి. ఒక పేద కుర్రాణ్ణి చేరదీసి తనతో రాజమండ్రి తీసుకొచ్చి చదివించాడు, తన నాటకాల్లో ఆడవేషాలు కట్టించాడు. ఆ కుర్రాడు టంగుటూరి ప్రకాశం. అదే నాయుడు గారు నాటకాలు రాయమని చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి వెంటపడ్డాడు, అలా పుట్టిందే ‘గయోపాఖ్యానం’, లక్ష ప్రతులు అమ్ముడైందని చెప్పుకునే పుస్తకం. ఇప్పుడు చూడండి, ప్రకాశం గారి పేరు జిల్లాకుంది, చిలకమర్తి వారి పేరు పాఠ్యపుస్తకంలో ఉంది. నాయుడు గారి పేరు ఎక్కడుందంటే ఆ ఇద్దరి ఆత్మకథల్లో ఉంది. ఆ ఇద్దరూ రాయబట్టి దొరికాడు.

రాజారావు గారూ అంతే. ఆయన ఏం చేశాడో తెలియాలంటే జమున ఏం చెప్పింది, మిక్కిలినేని ఏం రాశాడు అని వెతుక్కోవాలి. మిక్కిలినేని నాటకరంగ చరిత్ర రాసి ఎంతమంది పేర్లు నిలబెట్టాడో.

నరసాపురం లేసు:
ఇది బాగా చెప్పారు బాబాయ్ గారు. అందుకే నేను పేరు రాయనన్న ఆయన పేరు రాసేద్దామా అనిపిస్తోంది ఇప్పుడు. ఆయన్నడిగి రాస్తా.

కొబ్బరితోట (పాలకొల్లు):
ఇంకో చిన్న సంగతి, మా చెల్లెలి కొడుకు డిగ్రీ అయ్యాక థియేటర్ కోర్సు చదువుతానంటున్నాడు, డైరెక్టరవుతాడంట. వాళ్ళ నాన్న రొయ్యల చెరువు చూసుకోమంటున్నాడు. ఏం చెప్పమంటారు?

హైదరాబాద్‌లో ఉన్నా (సొంతూరు అమలాపురం):
వైజాగ్‌లో ఆంధ్రా యూనివర్సిటీలో ఉంది, ఇక్కడ సెంట్రల్ యూనివర్సిటీలో ఉంది, తెలుగు యూనివర్సిటీలో ఉంది. చదవమనండి. కానీ చదివేముందు ఒక ఏడాది ఏదైనా ట్రూపులో తిరగమనండి, తెరలు మోయమనండి, లైట్ల వైర్లు చుట్టమనండి. నేను అది చేయకుండా వెళ్ళాను, మేకు కొట్టడం కూడా రాదు, ఫస్టియర్‌లో సెట్ నా నెత్తిమీదే పడింది. నా జీతమెక్కడిదో మాత్రం అడక్కండి, సాఫ్ట్‌వేర్.

ప్రాంప్టర్ (తణుకు దగ్గర):
రొయ్యల చెరువు కూడా చూసుకోమనండి. రెండూ రాత్రి మేలుకునే పనులే.

లంకకుర్రాడు:
😂😂 మా ఊళ్ళో సంక్రాంతికి నాటకం మానేసి రికార్డింగ్ డాన్స్ పెట్టి ఎనిమిదేళ్ళయింది. నేను నాటకం పూర్తిగా ఒక్కటీ చూడలేదు నిజం చెప్పాలంటే. మీ తీర్థానికి వస్తా కొబ్బరితోట గారు, రేవు దాటితే మాకు దగ్గరే.

కొబ్బరితోట (పాలకొల్లు):
రా నాయనా, భోజనం కూడా ఉంది, తెల్లారి కాఫీ టిఫిన్ కూడా.

అందరికీ అప్‌డేట్. రాజారావు గారి ఫోటో ఒకటి గౌతమిగట్టు గారు పంపారు, థాంక్సండి, పాతది, కొంచెం మసగ్గా ఉంది, పెద్దది చేస్తే పర్లేదన్నాడు స్టూడియో అతను. దాని పక్కనే ఇమ్మానేని వారి పేరు, ఫోటో దొరక్కపోతే ఉత్త ఫ్రేము కట్టి పేరు రాద్దామన్నాను, కమిటీలో ఒకాయన అపశకునం అన్నారు, చూడాలి. ఇంకోటి, ప్రతి నాటికకి ముందు మైకులో నటుల పేర్లకన్నా ముందు దర్శకుడి పేరు చదవాలని తీర్మానించాం. లేసు గారు, మీరు చెప్పిన ఛార్జీల సంగతి కూడా పాసైపోయింది, ఒక్కరే వద్దన్నారు.

కరపత్రం ప్రూఫు నిన్న సాయంత్రం వచ్చింది. విరాళమిచ్చినోళ్ళ పేర్లు సగం పేజీ ఉన్నాయి, ఎమ్మెల్యే గారి ఫోటో ఉంది, నాటికల పేర్లున్నాయి, దర్శకుల పేర్లు చోటు సరిపోలేదని ప్రెస్సోడు తీసేశాడు. మళ్ళీ పంపించాను.